ఆ ఏడేళ్లు ఎక్కడికి పోయాయి?

వీడియో గేముల్లో పిల్లలు పెద్దవాళ్లయ్యే తీరు: ఒక సమీక్ష

తెలుగు సినిమాకి బాగా అలవాటైన కటింగ్ ఒకటుంది. తండ్రిని పోగొట్టుకున్న కుర్రాడు పరుగెడుతుంటాడు. కెమెరా అతని కాళ్ల మీదికి దిగుతుంది. మళ్లీ పైకి లేచేసరికి అక్కడ హీరో ఉంటాడు. మధ్యలో పదిహేనేళ్లు ఎలా గడిచాయని థియేటర్లో ఎవరూ అడగరు, అడగాల్సిన అవసరమూ రాదు. కుర్రాడు పరుగెత్తినా, హీరో పరుగెత్తినా మనం చూస్తూ కూర్చునేవాళ్లమే కదా.

వీడియో గేమ్‌లో ఆ వీలు లేదు. ఆ కుర్రాణ్ని పరుగెత్తించేది మన బొటనవేలే. నిన్నటిదాకా ఎంత దూరం దూకగలిగాడో, ఏ గోడ ఎక్కలేకపోయాడో మన చేతికి తెలుసు. అందుకని అతను పెద్దవాడయ్యాడని కథ చెబితే సరిపోదు. ఆ మార్పు చేతికి అందాలి. సినిమాకి లేని ఈ చిక్కు గేముకి ఉంది, సినిమాకి లేని అవకాశమూ ఇక్కడే ఉంది.

గేముల్లో ఎదుగుదలకి కొదవలేదు. రోల్ ప్లేయింగ్ గేములన్నీ దాని మీద బతికేవే. శత్రువును కొడితే పాయింట్లు, పాయింట్లు పోగైతే లెవెల్, లెవెల్ పెరిగితే బలం. కానీ ఇది కూడికల లెక్క. ఇందులో ఏదీ పోదు. మనిషి పెరగడంలో తీసివేతలు కూడా ఉంటాయి: పట్టిన చోట ఇక పట్టం, చేసిన పనులు ఇక చేయలేం, మనల్ని ఎత్తుకున్నవాళ్లు ఉండరు. గత మూడు దశాబ్దాల గేముల్లో బాల్యం నుంచి యౌవనానికి నడిచిన హీరోలను వరసపెట్టి చూస్తే, గుర్తుండిపోయినవన్నీ ఈ తీసివేతను ధైర్యంగా చేసినవే. మిగతావి లెవెల్ పెంచి, బట్టలు మార్చి, పెద్దవాడయ్యాడని ప్రకటించినవి. ఇక్కడ కొన్ని కథల ముగింపులు చెప్పక తప్పడం లేదు. ఆడాలనుకునేవారు గమనించాలి.

ఏడేళ్ల నిద్ర

ఈ మాట ఎత్తగానే ఎవరైనా ముందు చెప్పే పేరు 1998 నవంబరులో నింటెండో 64 మీద వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్'. లింక్ అనే కుర్రాడు ఎప్పటికీ పెరగని కొకిరి పిల్లల మధ్య అడవిలో ఉంటాడు. మూడు మణులు సంపాదించి, కాలదేవాలయంలో రాతి పీఠంలో దిగి ఉన్న మాస్టర్ స్వోర్డ్‌ను పైకి లాగుతాడు. కత్తి వస్తుంది గానీ దాన్ని ధరించే వయసు అతనికి లేదు. అందుకని ఏడేళ్లు నిద్రలో ఉండిపోతాడు. లేచి బయటికొస్తే, అంగళ్లతో, నాట్యమాడే జంటతో సందడిగా ఉన్న కోట బజారు పాడుబడి, శవాల్లాంటి జీవాలకు నెలవై ఉంటుంది. విలన్ గానన్‌డార్ఫ్‌కు లోపలికి దారి దొరికింది ఆ కత్తి లాగినందువల్లే. అంటే లింక్ పెద్దవాడవడానికి ఊరంతా ధర చెల్లించింది.

దీన్ని కథగా చెప్పి వదిలేయకుండా చేతిలో పెట్టడమే ఆ గేమ్ గొప్పతనం. పెద్దయ్యాక వస్తువుల పట్టిక తెరిచి చూడండి. బూమరాంగ్, ఒడిసెల అక్కడే ఉంటాయి, కానీ రంగు వెలిసి, పనికిరాకుండా. వాటి బదులు విల్లు, గొలుసుతో దూరానికి విసిరే హుక్‌షాట్ చేతికొస్తాయి. చిన్నప్పుడు పాకుతూ దూరిన కన్నాల్లో ఇప్పుడు పట్టడు. చిన్నప్పుడు మెత్తటి మట్టిలో నాటిన మాయ చిక్కుడు గింజ పెద్దయ్యాక వచ్చి చూస్తే మొక్కై, దాని ఆకు మీద ఎక్కించుకుని గాల్లో తిప్పుతుంది. చిన్నప్పుడు గుర్రప్పిల్ల ఎపోనాకు వినిపించిన పాట వింటే, ఎదిగిన ఎపోనా అతన్ని గుర్తుపడుతుంది. మనుషుల సంగతి వేరు. అడవికి తిరిగి వెళితే పాత తగాదాకోరు మీడో ఇతనెవరో పోల్చుకోలేడు. తనతో ఆడుకున్న పిల్లలందరూ అదే ఎత్తులో ఉంటారు, తానొక్కడే పైకి కనిపిస్తాడు.

కకరికో ఊళ్లో గాలిమర ఘట్టం ఇంకో ఎత్తు. పెద్ద లింక్ అక్కడికి వెళ్తే, సంగీతం పెట్టె తిప్పుకునే ఒకాయన మండిపడుతుంటాడు. ఏడేళ్ల కింద ఎవడో కుర్రాడు వచ్చి ఒక పాట వాయించి గాలిమరను పిచ్చిగా తిరిగేలా చేశాడట. కోపంతో ఆ పాట మనకు వినిపిస్తాడు, మనం నేర్చుకుంటాం. తరవాత కత్తిని మళ్లీ రాతిలో దించి, బాల్యంలోకి వెళ్లి అదే గాలిమర దగ్గర ఆ పాట వాయిస్తే మర గిర్రున తిరుగుతుంది, ఊరి బావి ఎండిపోతుంది, కిందికి దారి తెరుచుకుంటుంది. ఆ అల్లరి కుర్రాడు మనమేనని అప్పుడు తడుతుంది. ఆ పాట మొదట ఎవరు కట్టారంటే జవాబు లేదు. పెద్దతనం బాల్యానికి నేర్పింది, బాల్యం పెద్దతనానికి నేర్పింది. ఈ మెలికను నవలలో రాయొచ్చు, సినిమాలో చూపొచ్చు. కానీ తప్పు చేసిన చేయి మనదేనని గేమ్ ఒక్కటే అనిపించగలదు.

తయారీ మొదలుపెట్టినప్పుడు పెద్ద లింక్ ఒక్కడే ఉన్నాడని, పిల్లవాడు తరవాత వచ్చి చేరాడని ఆ బృందమే ఆ తరవాత చెప్పింది. తరవాత చేరినవాడే ఆ గేముకి ప్రాణమయ్యాడు. చివర్లో యువరాణి జెల్డా అతన్ని మళ్లీ బాల్యంలోకి పంపేస్తుంది. చేసిన వీరత్వం ఎవరికీ గుర్తుండదు. 2000లో వచ్చిన 'మజోరాస్ మాస్క్'లో అతను పెద్దవాడి జ్ఞాపకాలు మోసే పిల్లవాడు. 2006 నాటి 'ట్వైలైట్ ప్రిన్సెస్'లో కొత్త హీరోకి కత్తి విద్య నేర్పే అస్థిపంజర యోధుడు ఈ లింకేనని నింటెండో అధికారిక గ్రంథం 'హైరూల్ హిస్టోరియా' తేల్చింది. తన గొప్పతనం ఎవరికీ తెలియకుండా పోయిందన్న వెలితి అతన్ని చావు తరవాత కూడా వదలలేదు. పోయిన ఏడేళ్ల బాకీ మూడు గేముల దాకా సాగిందన్నమాట.

ఈ దారిలో నడిచిన వాటిలో 'జాక్ 2' ఒకటి. 2001 నాటి మొదటి భాగంలో జాక్ నోరు విప్పడు. 2003లో రెండో భాగం మొదట్లోనే రెండేళ్లు జైల్లో మగ్గి, ప్రయోగాలకు గురై బయటపడతాడు. అతని నోట వచ్చే మొదటి మాటే తనను బంధించినవాణ్ని చంపుతానని. మొద్దుగా ఉన్నా సూటి ఎత్తు: బాల్యం పోయిందని గొంతే చెప్పింది.

ఎత్తుకున్న చేయి పోయాక

జెల్డాకు ఆరేళ్ల ముందే, 1992 సెప్టెంబరులో, జపాన్‌లో సూపర్ ఫామికామ్ మీద 'డ్రాగన్ క్వెస్ట్ 5' వచ్చింది. కథ యుజి హోరీది, బొమ్మలు అకీరా టొరియామావి. ఇంగ్లీషులో అధికారికంగా రావడానికి 2009 దాకా పట్టింది. అందుకే బయటి ప్రపంచంలో దాని పేరు ఆలస్యంగా వినిపించింది. నా లెక్కలో ఈ సమీక్షకు అసలు కొలబద్ద ఇదే.

కథ హీరో పుట్టుకతో మొదలై, బాల్యంలో తండ్రి వెంట ఊళ్లు తిరగడంతో సాగుతుంది. ఆ ప్రయాణంలో పోరాటం వచ్చిందంటే తండ్రి పాంక్రాజ్ ఒక వంతులో రెండుసార్లు కొడతాడు. మనం ఒక దెబ్బ వేసేలోగా పని అయిపోతుంది. పోరాటం ముగిశాక కొడుకు గాయాలు తనే మాన్పుతాడు. 'మీ నాన్న బలవంతుడు' అని ఎవరూ చెప్పరు, ఆయన పక్కన ఉండగా చావడం కష్టమని మనకే తెలుస్తుంది. అలాంటి తండ్రి, కొడుకు మెడ మీద కత్తి ఉండగా చేయి ఎత్తకుండా దెబ్బలు తిని చనిపోతాడు. మనం కంట్రోలర్ పట్టుకుని ఏమీ చేయలేకుండా చూస్తాం. తరవాత పదేళ్లు బానిసత్వం. తప్పించుకున్నాక మొదటి పోరాటంలో మన గాయాలు మాన్పేవారు లేరు.

చిన్నప్పుడు హీరో, నేస్తం బియాంకా కలిసి ఆకతాయి పిల్లల చేతుల్లోంచి ఒక కోరపులి పిల్లను విడిపిస్తారు. దానికోసం రాత్రిపూట దయ్యాల కోటకు వెళ్లి వస్తారు. తండ్రి పోయిన రోజున ఆ పిల్ల కూడా తప్పిపోతుంది. ఏళ్ల తరవాత ఒక పల్లెలో రైతులు పంటలు పాడుచేస్తున్న మృగాన్ని వదిలించమని వేడుకుంటారు. గుహలోకి వెళితే ఎదురయ్యేది ఎదిగిన ఆ కోరపులే. మీదికి దూకుతుంది. చిన్నప్పటి బియాంకా రిబ్బన్ తీసి చూపిస్తే వాసన పట్టి ఆగిపోతుంది. అది కాపలా కాస్తున్నది చనిపోయిన తండ్రి కత్తికి. ఇన్నాళ్లూ సంచిలో పనికిరాని వస్తువులా పడి ఉన్న రిబ్బనే ఆ ఘట్టానికి ఆయుధం. ఎదుగుదలను చూపడానికి దీనికంటే పొదుపైన పద్ధతి నాకు ఇంకో గేమ్‌లో కనిపించలేదు.

తరవాత పెళ్లి. బియాంకానా, ధనవంతుడి కూతురు నీరానా అన్నది ఆడేవాళ్లే తేల్చుకోవాలి. జపాన్‌లో ఆ వాదన ఇప్పటికీ చల్లారలేదు. కవలలు పుడతారు. అంతలో భార్యాభర్తలు శిలలుగా మారతారు. ఎనిమిదేళ్ల తరవాత తండ్రిని శాపం నుంచి విడిపించేది ఆ పిల్లలే. అసలు దెబ్బ అక్కడ పడుతుంది: ఇన్నాళ్లూ వెతుకుతున్న మహావీరుడు మనం కాదు, మన కొడుకు. మనకు పనికిరాని దివ్యాయుధం వాడి చేతిలో ఇమిడిపోతుంది. మాయల ఫకీరు చెరలో ఉన్న తల్లి కోసం బాలవర్ధిరాజు బయల్దేరిన కథ విన్న తెలుగువాళ్లకు ఈ మలుపు కొత్త కాదు. అయితే ఆ కథను మనం కొడుకు వైపు నుంచి విన్నాం. ఇక్కడ తండ్రి స్థానంలో నిలబడి చూస్తాం. చివర్లో హీరోకి గతంలోకి వెళ్లే వీలు దొరికి, చిన్నప్పటి తనను, బతికున్న తండ్రిని కలుస్తాడు. హెచ్చరించినా జరిగేది ఆగదు. కొట్టి గెలవలేనివి కూడా ఉంటాయని ఒప్పుకున్న గేమ్ అది.

తరాల కథ అంతకుముందూ లేకపోలేదు. సెగా 1990లో తెచ్చిన 'ఫాంటసీ స్టార్ 3' మూడు తరాల కథ నడిపింది. ఎవర్ని పెళ్లాడామన్నదాన్ని బట్టి తరవాతి హీరో మారతాడు. 1996 నాటి 'ఫైర్ ఎంబ్లమ్: జీనియాలజీ ఆఫ్ ద హోలీ వార్' సగంలో తండ్రుల తరాన్ని తుడిచిపెట్టి పిల్లలకు యుద్ధం అప్పగించింది. ఆలోచనలు గొప్పవే. కానీ రెంటిలోనూ బాల్యం అనేది లేదు. ఒక తరం ముగిసి, ఇంకో తరం కత్తితోనే దిగుతుంది.

మోయలేని మాటలు, సరదా బాల్యాలు

పాశ్చాత్య స్టూడియోలు ఈ పనిని వేరేగా తలకెత్తుకున్నాయి. జపాన్ హీరోకి రాసిపెట్టిన జీవితం ఉంటే, ఇక్కడ జీవితాన్ని మీరే మలచుకోండన్నారు. ఆ ఆశ పరాకాష్ఠ 2004లో ఎక్స్‌బాక్స్ మీద వచ్చిన 'ఫేబుల్'. ఓక్‌వేల్ అనే పల్లెలో ఒక కుర్రాడు, అక్క పుట్టినరోజుకి కానుక కొనాలి, చేతిలో డబ్బుల్లేవు. మంచి పని చేస్తే తండ్రి ఒక్కో బంగారు నాణెం ఇస్తాడు. చెడ్డ పనితోనూ డబ్బు సంపాదించొచ్చు. ఆ పూటే బందిపోట్లు ఊరిని తగలబెడతారు. తరవాత వీరుల గురుకులంలో శిక్షణ, ఆపైన పెద్దతనం. చేసిన పనులు ఒంటి మీద కనిపిస్తాయి: దుర్మార్గుడికి కొమ్ములు మొలుస్తాయి, పుణ్యాత్ముడి తల చుట్టూ వెలుగు. అనుభవాన్ని ఖర్చుపెట్టి బలం కొనుక్కునే కొద్దీ వయసు మీదపడి జుట్టు నెరుస్తుంది. బలానికి ధర ఆయుష్షు అన్న ఆ లెక్క చాలా బాగుంది.

దాని సృష్టికర్త పీటర్ మోలినూ విడుదలకు ముందు ఇంకా చాలా చెప్పాడు. నేల మీద పడ్డ ఓక్ గింజ హీరోతోపాటు పెరిగి చెట్టవుతుందన్నది వాటిలో బాగా ప్రచారమైనది. గేమ్ వచ్చాక ఆ చెట్టు లేదు. ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ గింజ గురించి నేటికీ నవ్వుకుంటారు గానీ, అందులోని కోరిక నిజమైనదే: హీరో పెరిగితే చుట్టూ ఉన్న లోకం కూడా పెరగాలి. జెల్డాలో చిక్కుడు గింజ చేసింది అదే, కాకపోతే ముందే నిర్ణయించిన కొన్ని చోట్ల మాత్రమే. మాట తక్కువ ఇచ్చి నిలబెట్టుకోవడం వేరు, ప్రపంచమంత మాట ఇవ్వడం వేరు.

2008లో బెథెస్డా తెచ్చిన 'ఫాలౌట్ 3' బాల్యాన్ని గంటసేపు నడిపిస్తుంది. మొదట పుట్టుక. ఏడాది వయసులో తడబడు అడుగులతో ఆట గది తలుపు తెరిచి, బొమ్మల పుస్తకం చదివితే అందులోని అక్షరాలే మన బలం, తెలివి, అదృష్టం నిర్ణయిస్తాయి. పదో పుట్టినరోజున చేతికి పిప్‌బాయ్ యంత్రం, తండ్రి కానుకగా చర్రల తుపాకీ. పదహారేళ్లకు ఒక పరీక్ష. అది రాసి మన ప్రావీణ్యం ఎందులోనో తేల్చుకోవాలి. ఇష్టం లేకపోతే మాస్టారిని అడిగి ఫలితం మార్పించుకోవచ్చు. పంతొమ్మిదో ఏట తండ్రి మాయమవుతాడు, వెతుక్కుంటూ బయటి ప్రపంచంలో పడతాం. ఆ తండ్రికి గొంతిచ్చింది లియామ్ నీసన్. ముచ్చటైన గంట అది. కానీ విడదీసి చూస్తే, పాత్రను తయారుచేసుకునే ఫారం నింపడాన్ని బాల్యం రూపంలో చూపించారు. అక్కడ చేసిన తప్పుకి పెద్దయ్యాక బాధపడేది దాదాపు ఏమీ లేదు.

'అసాసిన్స్ క్రీడ్ 2' కూడా 2009లో హీరో ఎట్జియోను ఫ్లోరెన్స్‌లో పుడుతుండగానే మన చేతికిస్తుంది. ఏ బటన్ నొక్కితే పసివాడి ఏ కాలు కదులుతుందో చూపడమే కంట్రోల్స్ పాఠం. అక్కణ్నించి నేరుగా పదిహేడేళ్ల పోకిరీ దగ్గర తేలతాం. అయితే ఎట్జియో కథ ఇంకో విధంగా ప్రత్యేకం: 2010, 2011లో వచ్చిన రెండు గేములు అతన్ని యాభై దాటేదాకా నడిపించాయి, 'ఎంబర్స్' అనే లఘుచిత్రం అతని మరణం చూపింది. ఒక హీరో బతుకంతా చెప్పిన పెద్ద గేములు చాలా తక్కువ. 2017లో 'హొరైజన్ జీరో డాన్' ఆరేళ్ల అలోయ్‌ను కొంతసేపు ఆడనిచ్చి, శిక్షణ దృశ్యాల వరుసలో పెద్దదాన్ని చేసేసింది. మన సినిమా కటింగ్ అచ్చంగా అదే.

బటన్ నుంచి మనిషి దాకా

2010 తరవాత పెద్ద మార్పు ఒకటి వచ్చింది. పిల్లలు హీరోల పక్కన నడిచారు. మనం పెంచినవాళ్లే తరవాతి గేములో మనమయ్యారు.

టెల్‌టేల్ సంస్థ 2012లో మొదలుపెట్టిన 'ది వాకింగ్ డెడ్'లో క్లెమెంటైన్‌కు ఎనిమిదేళ్లు. మనం లీ అనే మనిషి. రైలు పెట్టెలో ఆమెకు తుపాకీ పట్టడం నేర్పుతాం. నడిచే శవాలు జుట్టు పట్టుకుని లాగుతాయని కత్తిరించి పొట్టిగా చేస్తాం. ఆ సీజన్ చివర లీకి వాటి కాటు పడుతుంది. తనను కాల్చమనాలో, వదిలి వెళ్లమనాలో ఆ చిన్నపిల్లకు మనమే చెప్పాలి. రెండో సీజన్‌లో మనమే క్లెమెంటైన్. ఆఖరి సీజన్‌లో ఆమె పదహారు పదిహేడేళ్ల పిల్ల, ఏజే అనే చిన్నవాణ్ని సాకుతోంది. తుపాకీ ఎప్పుడు ఎత్తాలి, ఎవర్ని నమ్మాలి అని వాడికి మనం చెప్పే ప్రతి మాటా చివర్లో వాడి నిర్ణయాలుగా మన ముందుకొస్తుంది. 2018 సెప్టెంబరులో టెల్‌టేల్ మూతపడే స్థితికొచ్చి ఆ సీజన్ మధ్యలో ఆగింది. స్కైబౌండ్ సంస్థ చేతిలోకి తీసుకుని 2019లో పూర్తిచేసింది. నడిమి ఏళ్లను పూర్తిగా దాటేయకుండా కొంతైనా ఆడనిచ్చిన అరుదైన హీరో క్లెమెంటైన్. మొదటి నుంచి చివరిదాకా ఆమెకు గొంతిచ్చింది మెలిస్సా హచిసన్ ఒక్కరే.

2013 నాటి 'ది లాస్ట్ ఆఫ్ అస్'లో ఎల్లీకి పద్నాలుగేళ్లు, 2020లో రెండో భాగానికి పంతొమ్మిది. అందులో ఆమె చేసే పనులు మనకు నచ్చకపోయినా బటన్ మనమే నొక్కాలి. పెంచిన పిల్ల మన మాట వినని రోజు వస్తుందని అంత కటువుగా చెప్పిన గేమ్ మరొకటి లేదు.

దీన్ని యంత్రాంగంలోనే చూపింది 'గాడ్ ఆఫ్ వార్'. 2018 గేమ్‌లో హీరో కొడుకు ఏట్రియస్ మన కంట్రోలర్ మీద ఒక బటన్. నొక్కితే బాణం వేస్తాడు. కథలో వాడికి పొగరెక్కిన ఘట్టంలో, పిలిచినా మొండికేస్తాడు. 2022లో 'రాగ్నరోక్' వచ్చేసరికి కొన్ని భాగాల్లో మనమే ఏట్రియస్. అతని నడక, విల్లు, దూకుడు అన్నీ వేరు. ఒక బటన్ మనిషయ్యాడు. రెండు గేములకూ గొంతిచ్చింది సన్నీ సుల్జిక్ అనే కుర్రాడు. నాలుగేళ్లలో అతని గొంతు నిజంగానే ముదిరింది. 'కింగ్‌డమ్ హార్ట్స్'లో సోరా పాత్రకూ ఇదే జరిగింది. 2002లో మొదటి భాగానికి గొంతిచ్చిన హేలీ జోయెల్ ఆస్మెంట్ అప్పటికి కుర్రాడు, 2019లో మూడో భాగానికి ముప్ఫయ్యో పడిలో అడుగుపెట్టాడు. కథలో సోరా రెండు మూడేళ్లే పెరిగాడు, గొంతు పదిహేడేళ్లు పెరిగింది.

పెంచే చేయి

ఇంకో పాయ ఉంది. అందులో మనం పెరిగేవాళ్లం కాదు, పెంచేవాళ్లం. గైనాక్స్ సంస్థ 1991లో తెచ్చిన 'ప్రిన్సెస్ మేకర్'లో పదేళ్ల పిల్లను పద్దెనిమిదేళ్ల దాకా పెంచాలి. ఏ నెలలో చదువు, ఏ నెలలో పని, ఎప్పుడు సెలవు అని పట్టిక వేయాలి. దాన్నిబట్టి ఆమె ఏమవుతుందో తేలుతుంది. 'ద సిమ్స్' మొదటి గేమ్‌లో 2000లో పిల్లలు ఎన్నాళ్లయినా పిల్లలే. 2004 నాటి రెండో గేమ్‌లో పసితనం నుంచి ముసలితనం దాకా దశలు వచ్చాయి, ఆటే మారిపోయింది. 'హార్వెస్ట్ మూన్: ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో పొలం చేసుకునే తండ్రి మనం. కొడుకు ఎదిగి తనకు నచ్చిన వృత్తి ఎంచుకుంటాడు, చివర మనం చనిపోతాం.

వీటిలో తెలుగు పాఠకుడికి అన్నిటికంటే దగ్గరగా తగిలేది 2018లో వచ్చిన చైనా గేమ్ 'చైనీస్ పేరెంట్స్'. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్లకు రాసే గావ్‌కావ్ ప్రవేశపరీక్ష దాకా బతుకు నడపాలి. ఒత్తిడి ఎంతుంది, అమ్మానాన్నలు ఎంత తృప్తిగా ఉన్నారు అన్నవి కొలతలు. చుట్టాలు వచ్చినప్పుడు పిల్లల గొప్పలు చెప్పుకునే పరువు పోటీ కూడా ఒక ఆటే: మా వాడికి పియానో వచ్చు, మా అమ్మాయికి ఇన్ని మార్కులు. పరీక్ష ముగిశాక ఉద్యోగం, పెళ్లి, మళ్లీ పిల్లవాడు. మనం సాధించినదంతా వాడి మొదటి పెట్టుబడి. ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో గడిపి ర్యాంకు కోసం ఎదురుచూసినవాళ్లకు ఈ గేమ్‌ను విడమరిచి చెప్పనక్కర్లేదు. వెటకారంగా మొదలై, రెండో తరానికి మనమే మన అమ్మానాన్నల్లా పట్టికలు వేస్తున్నామని తెలిసేలా చేస్తుంది. ఆ గుర్తింపు ఏ కట్‌సీన్ వల్లా రాలేదు. పట్టికలో గడి నింపిన మన వేలే పట్టించింది.

వయసే లెక్క అయినప్పుడు

ఫ్రాన్స్‌కు చెందిన స్లోక్లాప్ 2022లో తెచ్చిన 'సిఫు' ఈ వరసలో విచిత్రమైనది. తండ్రి హత్యను కళ్లారా చూసిన పిల్లవాడు ఎనిమిదేళ్ల తరవాత ఇరవయ్యో ఏట పగ తీర్చుకోవడానికి బయల్దేరతాడు. మాయ తాయెత్తు వల్ల చచ్చినా లేస్తాడు, కానీ ప్రతి చావూ వయసును పెంచుతుంది. ఎన్నిసార్లు చస్తే అంత ఎక్కువగా. వయసు పైబడే కొద్దీ దెబ్బకు బలం పెరుగుతుంది, తట్టుకునే శక్తి తగ్గుతుంది. గడ్డం నెరుస్తుంది. డెబ్బై దాటాక ఇక లేవడం లేదు. గెలిచినా, ఒక్క రోజు పగ కోసం యాభై ఏళ్లు ఖర్చుచేశామని లెక్క తెర మీదే కనిపిస్తుంది. ఫేబుల్ వేసిన ప్రశ్నకు పద్దెనిమిదేళ్ల తరవాత వచ్చిన పదునైన జవాబు ఇది.

2020 నాటి 'క్రూసేడర్ కింగ్స్ 3'లో రాజు చనిపోతే వారసుడు పసివాడైనా మనం వాడిగా మారిపోతాం. పదహారేళ్లు నిండేదాకా పెత్తనం సరిగ్గా చేతికి రాదు. ఏ సంరక్షకుడి దగ్గర పెరిగాడన్నదాన్ని బట్టి వాడి గుణం. ఐదేళ్ల రాజు కాళ్ల కింద సామంతులు కుట్రలు పన్నుతుంటే నిస్సహాయంగా ఏళ్లు లెక్కపెట్టడం అంటే బలహీనతనే ఆటగా మార్చడం.

ఎదగనివాళ్లు, దాటేసిన ఏళ్లు

ఇన్ని చూశాక కూడా అధికశాతం గేమ్ హీరోలు ఎదగరన్నదే నిజం. పోకెమాన్‌లో ప్రతి తరానికీ కొత్త పిల్లవాడు ఇల్లు వదిలి బయల్దేరతాడు. పాతవాడు ఏమయ్యాడన్నది చాలావరకు కథకు పట్టదు. 'స్టార్‌డ్యూ వ్యాలీ'లో పుట్టిన బిడ్డ తప్పటడుగుల దగ్గరే ఆగిపోతుంది. హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ పుట్టించిన ఛోటా భీమ్ 2008 నుంచీ అదే లడ్డూ తింటూ అదే ఎత్తులో ఉన్నాడు. ఇందులో వ్యాపార లెక్క ఉంది. చూసే పిల్లలు ఏటా మారుతుంటారు, హీరో మారితే వచ్చే పిల్లలకు పరాయివాడవుతాడు. సినిమాల వెంట 2001 నుంచి 2011 దాకా వచ్చిన హ్యారీ పాటర్ గేముల్లో హీరో గేమ్ గేముకీ పెరిగాడు. అది కూడా సినిమా పెంచింది కాబట్టే.

పెరిగేవాళ్లలో కూడా ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనబడుతుంది. లింక్ నిద్రలో పెద్దవాడయ్యాడు. జాక్ జైల్లో. డ్రాగన్ క్వెస్ట్ హీరో బానిసగా, ఆపైన శిలగా. సిఫు వీరుడి ఎనిమిదేళ్లు, అలోయ్ పన్నెండేళ్లు తెర వెనక. పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఉన్న ఏళ్లను దాదాపు ప్రతి గేమూ తాళం వేసి పెట్టింది.

కారణాలు దాచేవేం కావు. హీరోకి రెండు ఒళ్లు ఉంటే రెట్టింపు యానిమేషన్, రెట్టింపు ఆయుధాలు, ప్రతి తలుపునూ రెండు ఎత్తుల్లో పరీక్షించాలి. మూడో ఒళ్లు పెడితే ఖర్చు మోయలేరు. పిల్లలను చంపడం, పిల్లలు చంపడం తెర మీద చూపడానికి స్టూడియోలు జంకుతాయి. ఫాలౌట్ 3లో ఎంత పెద్ద తుపాకీతో కాల్చినా పిల్లలకు ఏమీ కాదు. అందుకే బాల్యం పాఠాల వరండాగా, పెద్దతనం పోరాట మైదానంగా విడిపోయింది. వీటికంటే లోతైన కారణం ఒకటుంది. కౌమారంలో కొట్టడానికి శత్రువు ఉండడు. మొహం మీద మొటిమలు, స్నేహితుడితో మాటలు ఆగిపోవడం, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు: వీటికి హెల్త్ బార్ లేదు. కొట్టడం ఒక్కటే బాగా తెలిసిన యంత్రం దగ్గర ఆ ఏళ్లకు బటన్ లేదు.

బటన్ కనిపెట్టడం అసాధ్యం మాత్రం కాదు. 2022లో నార్త్‌వే గేమ్స్ అనే చిన్న స్టూడియో తెచ్చిన 'ఐ వాజ్ ఎ టీనేజ్ ఎక్సోకాలనిస్ట్' పదేళ్ల నుంచి ఇరవై దాకా ప్రతి ఏడాదినీ నెలనెలా ఆడిస్తుంది. వేరే గ్రహం మీద వలస బతుకు. జరిగిన ప్రతి ముఖ్య సంఘటనా ఒక కార్డుగా మారి చేతికొస్తుంది. తరవాతి సవాళ్లను ఆ జ్ఞాపకాల కార్డులతోనే ఎదుర్కోవాలి. పదకొండేళ్లప్పుడు పడ్డ భయం పదిహేడేళ్లప్పుడు పేకముక్కై పనికొస్తుంది. కోట్ల ఖర్చు, మూడు ఒళ్లు, హాలీవుడ్ గొంతులు ఏవీ లేవు. పెద్ద స్టూడియోలు డబ్బు మీదికి నెట్టే సాకుకు ఇదే జవాబు.

కొత్తగా ఈ దారిలోకి వచ్చేవారు ముందు 'డ్రాగన్ క్వెస్ట్ 5' ఆడితే మంచిది. తరవాత 'ఒకరినా', ఆపైన క్లెమెంటైన్ కథ వరసగా. పోరాటం ఇష్టమైతే 'సిఫు', ఇల్లు గుర్తుకు రావాలంటే 'చైనీస్ పేరెంట్స్'. పోల్చేటప్పుడు ఒక్క ప్రశ్న చాలు: హీరో పెద్దవాడయ్యాక మన చేతిలోంచి ఏం పోయింది? జవాబు ఏమీ లేదంటే అక్కడ లెవెల్ మాత్రమే పెరిగింది. బూమరాంగ్, తండ్రి చేసే వైద్యం, ఒక బటన్ మీద ఉన్న పెత్తనం, ఆయుష్షులో ఒక పదేళ్లు, ఏదో ఒకటి పోయిందంటే మనిషి పెరిగాడు. ఈ లెక్కన చూస్తే బాల్యాన్నీ, పెద్దతనాన్నీ గేములు బాగానే నేర్చుకున్నాయి. మధ్యనున్న ఆరేడేళ్ల పని ఇంకా మిగిలే ఉంది. దాన్ని తలకెత్తుకునేది చిన్న స్టూడియోలేనని ఇప్పటిదాకా ఉన్న సాక్ష్యం చెబుతోంది.